ఒకసారి వచ్చిపోయిన జ్వరం

హాట్‌యాయ్
బుద్ధ శకం 2530, ఏప్రిల్ 25

పిక్కున్ అక్కకి,

నీ పాదాలకు నమస్కారం. బావకు కూడా, ఆయన మట్టి చేతులు కడుక్కుని కూర్చుని ఉంటే.

మొత్‌ను మీ దగ్గర దింపి వచ్చినప్పటి నుంచి ఈ గదిలో కాలు నిలవడం లేదు. ఏడేళ్ళ పిల్ల ఇంత చోటు ఆక్రమించుకుని ఉండేదని అది లేకపోయాకే తెలిసింది. ఒక్క క్షణం కుదురుగా ఉండదని దానికి మొత్ అని, చీమ పేరే ముద్దు పేరుగా పెట్టాం. ఇప్పుడు నేనే ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాను.

సెలవులు అయిపోగానే తీసుకెళ్తానన్నాను కదా, కుదిరేలా లేదు. వానలు పడకముందే మా ఆసుపత్రి పిల్లల వార్డు డెంగీతో నిండిపోయింది. మంచానికి ఇద్దరు. లాబ్‌లో గాజు గొట్టాలు కడిగే దాన్ని నేను, నాకే రెండు డ్యూటీలు వేశారు. ఇంటికి వచ్చేసరికి అన్నం వండే ఓపిక కూడా ఉండటం లేదు. ఈ టర్ము దాన్ని రాచబురిలోనే బడిలో వెయ్యి.

జ్వరం సంగతి మాత్రం బెంగ పెట్టుకోకు. మొత్‌కు నిరుడు సెప్టెంబరులో వచ్చి పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు, "ఇది ఇక జన్మలో రాదమ్మా" అని. తట్టు, ఆటలమ్మ ఎలాగో ఇదీ అలాగే. పిల్ల చచ్చి బతికింది కానీ, ఒక పీడ వదిలింది.

చేతికి కట్టిన దారం ఉందా, ఊడిపోయిందా? చావు తప్పిన పిల్లను ఇంకొకరికి కూతురిగా ఇచ్చేస్తే, మళ్ళీ వెతుక్కుంటూ వచ్చిన దయ్యాలు "ఈ పిల్ల వేరే వాళ్ళ పిల్ల" అనుకుని వెళ్ళిపోతాయని అమ్మ పట్టుబట్టి నీ చేత కట్టించింది. నేను నవ్వాను గానీ, నువ్వు ముడి మీద ముడి వెయ్యడం చూశాను.

నీ చెల్లెలు
చవీవన్


రాచబురి
మే 20

ఒసే చవీ,

బావ చేతులు కడుక్కోలేదు. అయినా నీ నమస్కారం అందుకున్నాడు. ఉత్తరం మీద ఉన్న మట్టి వేలిముద్ర ఆయనదే.

మొత్ బడిలో చేరింది. మొదటి రోజే పంతులమ్మ "అమ్మ పేరేంటమ్మా" అని అడిగితే "ఏ అమ్మ పేరు చెప్పమంటారు" అందట. ఆవిడ సాయంత్రం నా దగ్గరకొచ్చి ఆరా తీసింది. నీ పేరే రాయించాను, కంగారు పడకు.

ఇక్కడా వానలతోపాటు జ్వరాలు మొదలయ్యాయి. మా జాడీల సందులో నలుగురు పిల్లలు మంచం పట్టారు. మన పిల్లకు ఒకసారి వచ్చిపోయిందని నేనే అందరికీ చెప్పాను. ఇంకేముంది, అదిప్పుడు సందుకు పెద్ద ముత్తయిదువ. ఎవరి పిల్లాడు గంజి తాగనన్నా "మొత్‌ను పంపవే పిక్కున్" అని కబురు. పక్కింటి బున్‌లోమ్ కొడుకు దగ్గర రెండు రోజులు కూర్చుని, ముక్కు మూసి గంజి పట్టించింది. "నాకేం కాదు, నేను గెలిచేశాను" అంటుంది. విని మురిసిపోయాను. మురిసిపోతే దిష్టి అని నువ్వంటావు, అందుకే పైకి మాత్రం "నోరు ముయ్యి" అన్నాను.

మొన్న ఆరోగ్య కేంద్రం నుంచి విచియన్ అని ఒకాయన వచ్చాడు. జాడీల్లో వెయ్యమని మందు కలిపిన ఇసుక పొట్లాలు ఇచ్చాడు. మీ జాడీలే దోమలకు పురుటిళ్ళు అన్నాడు. బావ ఒంటికాలి మీద లేచాడు. "తాగే నీళ్ళల్లో ఇసుక పొయ్యమంటావా? నా జాడీ నీళ్ళు తాగి మా తాత తొంభై ఏళ్ళు బతికాడు. నువ్వు ఏ నీళ్ళు తాగి ఇలా ఎండిపోయావ్?" అన్నాడు. పాపం ఆ మనిషి నిజంగానే బక్కపలచన. పొట్లాలు గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నీ కూతురికి నేనొక ఉద్యోగం ఇచ్చాను. వంటింటి అలమర కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా పెట్టే నీళ్ళ చిప్పలున్నాయి కదా, బావ చేసినవే, రోజూ పొద్దున వాటిలో నీళ్ళు తగ్గితే నింపాలి. చీమ పేరు పెట్టుకుని చీమలతో యుద్ధం చేస్తోంది. ఒక్క చుక్క తగ్గనివ్వదు.

దారం నల్లబడింది గానీ గట్టిగానే ఉంది.

అక్క


హాట్‌యాయ్
జూన్ 4

అక్కా,

మొత్‌ను వెంటనే పంపించు. శనివారం బావ దక్షిణం వైపు రైలెక్కించి తనే తెచ్చి దింపితే మేలు. నాకు సెలవు ఇవ్వటం లేదు.

అది మీ ఇంట్లో ఉండటం మంచిది కాదు. జ్వరం పిల్లల దగ్గరికి అసలు పంపకు. ఎందుకు ఏమిటి అని అడక్కు, ఉత్తరంలో రాసేది కాదు. వచ్చాక చెబుతాను. దయచేసి నా మాట విను.

చవీ


రాచబురి
జూన్ 10

చవీవన్‌కి,

నీ మూడు ముక్కల ఉత్తరం అందింది. బావ చేత రెండుసార్లు చదివించుకున్నాను, నేనేమైనా తప్పు చదివానేమోనని.

మా ఇంట్లో ఉండటం మంచిది కాదా? ఆరు వారాల కిందట బెంగ పెట్టుకోకు అన్నది ఎవరు? డాక్టరు చెప్పాడు, జన్మలో రాదు అన్నది ఎవరు? నేను ఆ మాట పట్టుకుని సందంతా చాటాను. ఇప్పుడు ఎందుకో చెప్పకుండా పిల్లను మూటగట్టి రైలెక్కించమంటున్నావు. ఎందుకో నేను చెప్పనా? "ఏ అమ్మ పేరు" అన్న మాట నీకు గుచ్చుకుంది. నేను రాయకుండా ఉండాల్సింది. నోరు జారినట్టు కలం జారింది.

నీకు కూతురు నీ కడుపున పుట్టింది. నాకు పుట్టలేదు. అమ్మ కట్టమంటే దారం కట్టాను, అది దయ్యాలను మోసం చెయ్యడానికేనని నాకూ తెలుసు. కానీ దయ్యాలకంటే ముందు నేనే మోసపోయాను, ఏం చెయ్యను. రోజూ దానికి జడ వేస్తున్నాను చవీ. పడుకునేటప్పుడు నా చెవి తమ్మె పట్టుకుని పడుకుంటుంది.

పంపను. బడి ఉంది, వానలున్నాయి, బావకు బట్టీ మీద మూడు వందల జాడీలున్నాయి. నీకు కావాలంటే వచ్చి తీసుకెళ్ళు.

పిక్కున్


హాట్‌యాయ్
జూన్ 15

అక్కా,

నిన్ను ఏడిపించాను. నాకు మాట రాయడం రాదు, గొట్టాలు కడగడం వచ్చు. ఈసారి మొత్తం రాస్తాను, కోపం వచ్చినా చివరిదాకా చదువు.

మా లాబ్‌లో కొన్ని రక్తం గొట్టాల మీద ఎర్ర చుక్క ఉంటుంది. ఏడాదిగా వాటిని కడుగుతున్నాను. బాగా విషమించిన పిల్లల గొట్టాలు ఎక్కువగా అవే. ఈ నెల మొదట్లో డాక్టర్ నరుమోన్‌ను ఊరికే అడిగాను, ఆ చుక్క ఏమిటండీ అని. "ఈ పిల్లలకు డెంగీ రావడం ఇది రెండోసారి" అంది. నా చేతిలో గొట్టం జారి పగిలింది. "మా పిల్లకు జన్మలో రాదన్నారే" అన్నాను. ఆవిడ కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

ఇది తెచ్చే క్రిమి ఒక్కటి కాదట. నలుగురు అన్నదమ్ములు. ఒకడు వచ్చిపోతే వాడు మాత్రం మళ్ళీ రాడు. అంటే నిరుడు డాక్టరు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. మిగతా ముగ్గురూ కొన్ని నెలలు జంకుతారు, ఎందుకంటే ఆ ఇంటి పోలికలు మన ఒంటికి అప్పటికి బాగా గుర్తుంటాయి. తర్వాత ఆ గుర్తు పలచబడుతుంది. అప్పుడు రెండోవాడు వస్తే ఒళ్ళు వాణ్ణి పాతవాడే అనుకుని పట్టుకుంటుంది. చంపలేకపోగా, తానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. అమ్మ దారం కట్టి దయ్యాలను మోసం చేసినట్టే, వాడు మన ఒంటిని మోసం చేస్తాడు.

"ఎన్నాళ్ళు కాపాడుతుందండీ, కచ్చితంగా చెప్పండి" అన్నాను. "అందరికీ ఒకలా ఉండదు. చాలామందికి రెండోసారి కూడా మామూలు జ్వరంలాగే పోతుంది. ఎవరికి పోతుందో, ఎవరికి ముదురుతుందో ముందే చెప్పే విద్య మా దగ్గర లేదమ్మా" అంది. మొత్‌కు వచ్చి తొమ్మిది నెలలు దాటింది. ఇక్కడ నిరుడు తిరిగినవాడు వేరు, మీ వైపు ఈ ఏడు తిరుగుతున్నవాడు వేరే అయ్యుండొచ్చట.

జ్వరం వస్తే కొట్లో అమ్మే ఆస్పిరిన్ పొడి పొట్లాలు వెయ్యకు, వాటితో లోపల నెత్తురు కారుతుంది. నీళ్ళు, కొబ్బరి నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టిస్తూనే ఉండు. ఇంకొకటి, ఇదే ముఖ్యం. జ్వరం ఉన్నప్పుడు కాదు ప్రమాదం, నాలుగో రోజో అయిదో రోజో జ్వరం తగ్గినప్పుడు. ఒళ్ళు చల్లబడిందని సంబరపడకు. కాళ్ళూ చేతులూ మరీ చల్లగా ఉన్నా, కడుపు నొప్పి అన్నా, మత్తుగా పడి ఉన్నా, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రాకపోయినా, ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

అలమర కింద చిప్పల్లో నీళ్ళు చూడు. దోమ పిల్లలకు మొదటి ఇల్లు అదేనట. దాని చేత నింపించకు.

పిల్ల నీదా నాదా అని నేను అనుకోలేదక్కా. ఉద్యోగం పోతే పోనీ అని రోజూ అనుకుంటాను, మళ్ళీ పొద్దున్నే ఆసుపత్రికే వెళ్తాను. నెలాఖరుకు సెలవిస్తామన్నారు. అందాకా దాన్ని కనిపెట్టుకుని ఉండు.

చవీ


రాచబురి
జూన్ 27, పొద్దున

మా చవీకి,

చాలా రోజుల తర్వాత మనసు తేలికపడి రాస్తున్నాను. నీతో పోట్లాటకు ఇవాళ్టితో సెలవు.

నీకు చెప్పలేదు, మొత్‌కు సోమవారం సాయంత్రం జ్వరం తగిలింది. చెబితే నువ్వు అక్కడ గిలగిల్లాడతావని దాచాను. నాలుగు రోజులు పెనం మీద చెయ్యి పెట్టినట్టు కాలింది. ఒకసారి వచ్చిపోయింది కాబట్టి ఇది ఆ జ్వరం కాదని నాకు ధైర్యం. వానలో తడిసింది, అంతే. తడి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. బున్‌లోమ్ రెండు పొడి పొట్లాలు తెచ్చిచ్చింది, కొబ్బరి నీళ్ళల్లో కలిపి పోశాను.

ఇవాళ తెల్లవారేసరికి జ్వరం జారిపోయింది. ఒళ్ళు చల్లగా, హాయిగా ఉంది. బావ ఆనందంతో బట్టీ దగ్గర పాట కూడా అందుకున్నాడు, ఆయన పాడితే జాడీలు పగులుతాయని వద్దన్నాను. మొత్ ఇంకా లేవలేదు. నాలుగు రోజుల నిద్ర బాకీ ఉంది కదా, పడుకోనిచ్చాను. మధ్యలో లేచి కడుపు నొప్పి అంది. పచ్చి మామిడికాయ దొంగతనంగా తిని ఉంటుంది. గంజి వద్దంది. చెవి తమ్మె ఇస్తే అదీ పట్టుకోకుండా అటు తిరిగి పడుకుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. నీ పోయిన ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. విప్పలేదు. మళ్ళీ పంపించమనే రాసి ఉంటావని బుద్ధుడి పీట వెనక పెట్టేశాను. రోజూ దీపం పెట్టేటప్పుడు కనిపిస్తూనే ఉంది. ఇవాళ కోపం లేదు కాబట్టి విప్పి చదివి, దానికీ ఇందులోనే జవాబు రాస్తాను. ఉండు.

చవీ.

చదివాను. కాళ్ళు ముట్టుకున్నాను. మంచులా ఉన్నాయి. గోరు నొక్కాను, తెల్లగానే ఉండిపోయింది. బావ బండిలోంచి జాడీలు దింపుతున్నాడు. కాదు, తోసేస్తున్నాడు. పగిలిపోతున్నాయి


హాట్‌యాయ్
ఆగస్టు 1

అక్కా,

మూడు వారాల కిందట రాచబురి ఆసుపత్రి నుంచి నేను తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కింద పడి ఉంది. సగంలో ఆగిన వాక్యానికి కింద బున్‌లోమ్ రాసింది, "నేను పోస్టులో వేస్తున్నాను, వాళ్ళు వెళ్ళిపోయారు" అని. దానికంటే ముందు బావ టెలిగ్రాం అందింది, నేను వచ్చాను, పిల్ల బతికింది. అంతా తెలిసి కూడా ఆ కాగితం తిప్పి, వెనక ఇంకేమైనా రాసి ఉందేమోనని వెతికాను.

ఎనిమిది రోజులు వార్డు బయట ఒకే చాప మీద పడుకున్నాం. ఒకే పొట్లంలో అన్నం తిన్నాం. ఇంకొక గంట ఆలస్యమైతే దక్కేది కాదని అక్కడి డాక్టరు అన్నప్పుడు నువ్వు గోడకేసి తల కొట్టుకున్నావు. పొడి పొట్లాలు పోసినందుకు బాధపడుతున్నావేమో అనుకున్నాను. తొమ్మిది రోజులు నా ఉత్తరం విప్పలేదని మాత్రం నోటితో చెప్పలేదు.

చదివి నిన్ను తిట్టాను. నువ్వు ఎదురుగా లేవు కాబట్టి గట్టిగానే తిట్టాను. పక్క గది ఆవిడ వచ్చి ఏమైందని అడిగింది. అందుకే ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. అలిగాననుకుని ఉంటావు. నిజమే, అలిగాను.

కానీ నేనూ ఒకటి దాచాను. జూన్ నాలుగున రాసిన ఉత్తరంలో కారణం ఎందుకు రాయలేదో తెలుసా? సిగ్గేసింది. ఏడాదిపాటు ఆ ఎర్ర చుక్కలు నా చేతులతో కడిగి, ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు. అడగకుండానే నీకు ధైర్యం చెప్పాను, ఆ ధైర్యంతోనే పిల్లను జ్వరాల ఇళ్ళకు పంపావు. అది నీ దగ్గర ఒప్పుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నువ్వు తొమ్మిది రోజులు ఉత్తరం విప్పలేదు. లెక్క చూస్తే నేనే పెద్ద దొంగను.

ఇంకొక సంగతి. బ్యాంకాక్‌కు పంపిన మొత్ రక్తం ఫలితం వచ్చింది. డాక్టర్ నరుమోన్ నిరుటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూపించింది. నిరుడు వచ్చింది ఒకడు, ఇప్పుడు వచ్చింది ఇంకొకడు. "మరి మిగిలినవాళ్ళు?" అన్నాను. "ఇద్దరు మిగిలారు. రెండుసార్లు వచ్చాక మూడోసారి అంత ముదరడం తక్కువేనమ్మా" అంది. "తక్కువే అంటే రాదని రాసిస్తారా?" అన్నాను. నవ్వింది గానీ రాసివ్వలేదు.

మొత్‌ను ఎక్కడ ఉంచాలో నాకు తెలియడం లేదు. ఇక్కడా దోమలే, అక్కడా దోమలే. నిద్రలో కూడా దాని గోరు నొక్కి చూస్తున్నట్టు ఉంటుంది. నువ్వు చెప్పు, ఈసారి నేను వింటాను.

చవీ


రాచబురి
ఆగస్టు 6

చవీ,

తిట్టావని రాసినందుకు ప్రాణం కుదుటపడింది. మూడు వారాలు నువ్వు రాయకపోతే, రోజూ తపాలా ఆయన సైకిలు చప్పుడు వినగానే పెరట్లోకి పారిపోయాను. చాప మీద పడుకున్న ఎనిమిది రోజులూ చెబుదామనే అనుకున్నాను. నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయేదానివి. లేపి చెప్పడానికి నోరు రాలేదు.

విచియన్ గారిని బావే స్వయంగా పిలుచుకొచ్చాడు. ఆయన అలమర కింద చిప్ప తీసి వెలుగులో పెట్టి చూపించాడు. నలుసులంత పురుగులు, తోకలాడించుకుంటూ గిరగిరా తిరుగుతున్నాయి. మొత్ రోజూ ఒక్క చుక్క తగ్గకుండా పెంచింది వాటినే. బావ నాలుగు చిప్పలూ పెరట్లో వేసి బద్దలు కొట్టాడు. ఇప్పుడు మూత లేకుండా జాడీ అమ్మడు. "జాడీ చాలు, మూత ఎందుకయ్యా" అన్నవాళ్ళతో "మూత వద్దంటే జాడీ కూడా వద్దు, పో" అంటున్నాడు. ఆయనకూ విచియన్‌కూ ఇప్పుడు ఒకటే స్నేహం. ఇసుక పొట్లాలు మా ఇంట్లోంచే సందుకు పంచుతున్నారు. బున్‌లోమ్ ఆ పొడి పేరు ఎత్తితే చాలు, మొహం దాచుకుంటోంది.

మొత్ తింటోంది, అల్లరి చేస్తోంది. జుట్టు కొంచెం ఊడింది. ఎవరైనా "జ్వరం గెలిచిన పిల్ల" అంటే మాత్రం "ఇంకా ఆట అవలేదు" అంటుంది. ఎక్కడ నేర్చిందో తెలియదు. పన్నెండో తేదీన బడిలో తల్లుల పండుగ. అమ్మను తీసుకురమ్మని పంతులమ్మ చెప్పిందట. "ఎవరిని తీసుకెళ్ళనే" అని నన్నే అడిగింది. ఈసారి నీకు రాసి చెబుతానన్నాను.

ఎక్కడ ఉంచాలని అడిగావు. నాకూ తెలియదు. ఎక్కడున్నా కాళ్ళు ముట్టుకుని చూసే మనిషి పక్కన ఉండాలి, అంతే నాకు తెలిసింది. ఉత్తరం వస్తే నిలబడే విప్పుతాను, అది కూడా రాసుకో.

ఒక సంగతి నువ్వు గమనించావో లేదో. సెలైను సూది గుచ్చడానికి నర్సు దాని చేతి దారం కత్తిరించి కింద పడేసింది. నేను ఏరుకుని రవికెలో దాచుకున్నాను. ఇంటికొచ్చాక మళ్ళీ కడదామని తీశాను, కట్టలేకపోయాను. ఈసారి దయ్యాలు మోసపోతాయన్న నమ్మకం నాకు లేదు.

కొత్త దారం తెచ్చాను, రెండు ముక్కలు చేశాను. ఇద్దరు మిగిలారన్నావు కదా. పండుగకు సెలవు పెట్టి రా. ఒక చేతికి నువ్వు కట్టు, ఒక చేతికి నేను కడతాను. ఎవడు వచ్చినా సరే, ఈ పిల్ల ఎవరి పిల్లో చూసి మరీ రావాలి.

నీ అక్క
పిక్కున్